జులిప్‌లో కొత్తవాళ్ల పలకరింపు: మా స్టూడెంట్ల వెనక నిలబడి చూసి రాసిన రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను. అయిదుకి నాలుగు. పోయిన ఆ ఒక్క స్టార్‌లో సగం జులిప్ వాళ్ల వల్ల, సగం మన ల్యాప్‌టాప్‌ల వల్ల.

జులిప్ పేరు విననివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది స్లాక్, టీమ్స్ లాంటి చాట్ సాఫ్ట్‌వేర్. 2012లో ఒక చిన్న కంపెనీగా మొదలైంది, 2014లో డ్రాప్‌బాక్స్ కొనుక్కుంది, 2015లో కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్‌గా బయటపెట్టారు. సర్వర్ వైపు పైథాన్, దాని మీద నడిచే జాంగో ఫ్రేమ్‌వర్క్. బ్రౌజర్ వైపు ఎక్కువగా టైప్‌స్క్రిప్ట్. ఎవరైనా దించుకుని సొంత సర్వర్‌లో నడుపుకోవచ్చు, కోడ్ మార్చుకోవచ్చు, ఆ మార్పు బాగుంటే తిరిగి వాళ్లకే పంపొచ్చు. అలా పంపేవాళ్లలో మన దేశం పిల్లలు బాగానే కనిపిస్తారు.

అయితే నేనిక్కడ రివ్యూ రాస్తున్నది ఆ సాఫ్ట్‌వేర్‌కి కాదు. ముక్కూ మొహం తెలియని మనిషి వెళ్లి “నేను ఫలానా” అంటే అక్కడివాళ్లు ఎలా మాట్లాడతారు, పలకరించి ఊరుకుంటారా, పని దాకా తీసుకెళ్తారా, అదీ నా లెక్క.

నేను భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. డిసెంబరు వచ్చిందంటే మా థర్డ్ ఇయర్ వాళ్లకి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ జ్వరం పట్టుకుంటుంది. 2005 నుంచి గూగుల్ నడుపుతున్న ప్రోగ్రామ్ అది. ఎంపికైన కొత్తవాళ్లు ఏదో ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కొన్ని నెలలు పనిచేస్తే స్టైపెండ్ ఇస్తారు. ఒకప్పుడు స్టూడెంట్లకే ఉండేది. 2022 నుంచి పద్దెనిమిదేళ్లు నిండిన కొత్తవాళ్లెవరైనా పెట్టుకోవచ్చు. ఫిబ్రవరి చివర్లో ప్రాజెక్టుల లిస్టు వస్తుంది, మార్చి, ఏప్రిల్ మధ్య దరఖాస్తులు. ఈలోగా ఏదో ఒక కమ్యూనిటీలో మొహం చూపించుకుని, ఒకటో రెండో పనులు చేసి ఉంటే తప్ప ఎంపిక కష్టం. “మేడమ్, ఎక్కడికెళ్లి ఇంట్రడ్యూస్ చేసుకోమంటారు?” అంటూ స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడతారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే ఈ కమ్యూనిటీల మర్యాదలన్నీ నాకు తెలిసొచ్చాయి.

మన పిల్లల పరిచయాలు ఎలా ఉంటాయో ముందు చెప్పాలి. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో సెల్ఫ్ ఇంట్రడక్షన్ అని ఒకటి బట్టీ పట్టిస్తారు. “గుడ్ మార్నింగ్ సర్, మైసెల్ఫ్ ఫలానా, ఐయామ్ ఫ్రమ్ ఫలానా ఊరు, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై స్ట్రెంగ్త్ ఈజ్ హార్డ్ వర్క్.” ఇంటర్వ్యూ బోర్డు ముందు పనికొస్తుందేమో తెలియదు గానీ, ఓపెన్ సోర్స్ చాట్‌లో దాన్నే పేస్ట్ చేస్తే చదివేవాళ్లకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. నాన్నగారు రైతని తెలిసి సంతోషమే, దానికి జవాబేమని రాయాలి? చివర్లో “ప్లీజ్ గైడ్ మీ సర్” ఒకటి, ఎటు గైడ్ చెయ్యాలో చెప్పకుండా.

జులిప్ వాళ్లు ఈ చిక్కుని గుమ్మంలోనే విప్పేశారు. వాళ్ల డెవలపర్లు మాట్లాడుకునేది కూడా జులిప్‌లోనే. తాము వండింది తామే తింటారన్నమాట. అందులో ‘న్యూ మెంబర్స్’ అని ఒక ఛానెల్ ఉంది. కాంట్రిబ్యూటర్ గైడ్ చెప్పేది ఇంతే: ఆ ఛానెల్‌లో మీ పేరునే టాపిక్‌గా పెట్టి పరిచయం చేసుకోండి. వీలైతే, జులిప్ వాడటం మొదలుపెట్టినప్పుడు మీకేమనిపించిందో కూడా రాయండి. ఎక్కడ తికమక పడ్డారు, ఏది సరిగా పనిచెయ్యలేదు, ఏది నచ్చింది. పర్సెంటేజీ అడగరు. ఎన్ని ప్రోగ్రామింగ్ లాంగ్వేజీలు వచ్చో అడగరు.

ఈ రెండో ముక్క దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేనిచ్చిన స్టార్లలో సగం దీనికే. ఏళ్ల తరబడి ఒకే సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లకి అందులోని ఇబ్బందులు కనపడటం మానేస్తాయి. ఏ బటన్ ఎక్కడుందో వేళ్లకే తెలిసిపోతుంది. కొత్తగా వచ్చినవాడికి అవన్నీ అడ్డం తగులుతాయి. వారం గడిస్తే వాడికీ అలవాటైపోతుంది, ఇక వాడూ చెప్పలేడు. అంటే ఏమీ రానివాడి దగ్గర కూడా మొదటి రోజున అక్కడ ఇంకెవరి దగ్గరా లేనిది ఒకటి ఉంటుంది. వాళ్లు అడిగేది దాన్నే. అడగటంతో ఏమవుతుందంటే, చెయ్యి చాపి నిలబడాల్సిన పిల్ల ఏదో ఒకటి ఇచ్చి లోపలికి వెళ్తుంది.

మాకు డిప్లొమా చదివి సెకండియర్‌లో చేరిన అమ్మాయి ఒకామె ఉండేది, నరసాపురం వైపు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయాలంటే టెన్షన్. మొదట రాసుకొచ్చింది మామూలు బట్టీ పరిచయమే. ఊరూ, నాన్నగారూ, హార్డ్ వర్కూ తీసేయమన్నాను. జులిప్ తెరిచి కాసేపు వాడి రమ్మన్నాను. వచ్చి ఏమందంటే, “మేడమ్, మెసేజ్ పంపాను, కానీ నా మెసేజ్ నాకే కనపడలేదు.” అప్పట్లో జులిప్‌లో మనం ఒక టాపిక్ చూస్తూ ఇంకో టాపిక్‌కి మెసేజ్ పంపితే, అది మన ముందున్న తెరలోకి వచ్చేది కాదు, వేరే చోటికి వెళ్లిందని ఒక గమనిక మాత్రం కనిపించేది. ఆ గమనిక ఆమె కంట పడలేదు. అదే రాయమన్నాను. పేరు, చదువు ఒక లైను, ఈ సంగతి మూడు లైన్లు. వ్యాకరణం తప్పులతోనే పంపింది. వచ్చిన జవాబులో వెల్‌కమ్ ఉంది, దాని కింద ఒక ప్రశ్న ఉంది: ఫోన్‌లోనా, కంప్యూటర్‌లోనా, ఏ పేజీలో ఉండగా జరిగింది? ఆ ప్రశ్న చూసి ఆమె మొహం వెలిగిపోయింది. ప్లీజ్ గైడ్ మీ అని రాసే అవసరమే రాలేదు.

టాపిక్ సంగతి కూడా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో కొత్తవాళ్లు వరసగా హాయ్ అంటుంటే ఎవరికి ఎవరు జవాబిచ్చారో తెలియదు, గంట తరవాత చూస్తే అంతా పైకి కొట్టుకుపోయి ఉంటుంది. స్లాక్, డిస్కార్డ్‌లలో కూడా పరిచయాల ఛానెల్ చాలావరకు ఇలాగే ఉంటుంది. జులిప్‌లో ప్రతి సంభాషణకీ ఒక టాపిక్ పేరు ఉంటుంది. మనిషి పేరే టాపిక్ అయినప్పుడు ఆ మనిషికంటూ ఒక గది ఉన్నట్టే. పరిచయం అక్కడే, దానికి జవాబు అక్కడే, మొదటి సందేహమూ అక్కడే. మిడ్ పరీక్షలని నాలుగు రోజులు కనపడకుండా పోయి వచ్చినా అంతా అలాగే ఉంటుంది. అమెరికా వాళ్లు నిద్ర లేచే వేళకి మనం భోజనం చేసి పడుకునే వేళవుతుంది కాబట్టి, ఇలా నిదానంగా సాగే మాటలే మనకి కలిసొస్తాయి.

ఇంకో మంచి సంగతి. వాళ్ల చాట్‌ని అకౌంట్ లేకుండానే చదవొచ్చు. ఛానెళ్లని బయటివాళ్లకి తెరిచి ఉంచే ఈ సౌకర్యం 2022లో వచ్చిన అయిదో వెర్షన్‌తో మొదలైంది. నేను క్లాసులో ప్రొజెక్టర్ మీద పాత పరిచయాలు తెరిచి చూపిస్తాను. దేనికి మాట సాగింది, దేనికి ఒక్క చెయ్యి ఊపే ఎమోజీతో సరిపెట్టారు, పిల్లలే చెప్పేస్తారు. నేను పాఠం చెప్పక్కర్లేదు.

ఎమోజీల గురించి కూడా ఒక మాట. వెల్‌కమ్ చెప్పడం తేలిక. పేరు చెప్పను గానీ, ఇంకో వెబ్ ఫ్రేమ్‌వర్క్ కమ్యూనిటీలో మా అబ్బాయి ఒకడు పరిచయం రాస్తే బోలెడన్ని చేతులు, గుండెలు, పార్టీ టోపీలు వచ్చాయి. మర్నాడు ఇన్‌స్టాలేషన్‌లో ఎర్రర్ వచ్చిందని అడిగితే పలికినవాడు లేడు. ఎదురుకోలులో పానకాలిచ్చి, విడిదికి వెళ్లాక మంచినీళ్లు అడిగితే పట్టించుకోనట్టు. వాడు మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. అందుకే నేను మొదటి జవాబుకి మార్కులు వెయ్యను. రెండో జవాబుకి వేస్తాను.

జులిప్‌లో ఆ రెండో జవాబుకి విడిగా ఏర్పాట్లున్నాయి. డెవలప్‌మెంట్ సందేహాలకి ఒక ఛానెల్, ఇన్‌స్టాలేషన్ దగ్గర ఆగిపోయినవాళ్లకి ‘ప్రొవిజన్ హెల్ప్’, కోడ్ మార్పుల చిట్టా ఉంచే గిట్‌తో కుస్తీ పట్టేవాళ్లకి ‘గిట్ హెల్ప్’. ఊరికే మెసేజ్ పంపి చూసుకోవడానికి ‘టెస్ట్ హియర్’ అని ఇంకొకటి. సిగ్గరి పిల్లలు ముందు అక్కడే చెయ్యి తిప్పుకుంటారు. ప్రశ్న ఎలా అడగాలో ఒక పేజీ రాసిపెట్టారు. ఏం చెయ్యబోయారు, ఏం జరిగింది, ఈపాటికి ఏమేం ప్రయత్నించారు, ఎర్రర్ మొత్తం అతికించండి, అని. ఆ పేజీ ప్రింట్ తీసి ల్యాబ్ గోడకి అంటించాను. జులిప్ సంగతి అటుంచితే, నన్ను అడిగే ప్రశ్నలు బాగుపడ్డాయి.

మన వాళ్లకి అక్కడ మింగుడు పడనివి రెండు. ఒకటి, సర్ అనకపోవడం. అక్కడ ప్రాజెక్టు నడిపించే టిమ్ అబ్బాట్‌ని కూడా అందరూ టిమ్ అనే అంటారు. “అంత పెద్దాయన్ని పేరు పెట్టి ఎలా పిలుస్తాం మేడమ్?” అని ఒకడు అసలు సంబోధనే లేకుండా రాసేవాడు. అదీ ఒక మార్గమే. రెండోది, పర్సనల్ మెసేజ్ పెట్టొద్దు, సాయం కోసం మనుషుల్ని ట్యాగ్ చేసి పిలవొద్దు, ఏదైనా అందరికీ కనపడే ఛానెల్‌లోనే అడగండి అన్న పద్ధతి. మనకి అలవాటైంది దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. క్లాసులో నోరు విప్పరు, సాయంత్రం లెక్చరర్‌కి వాట్సాప్‌లో డౌట్ పెడతారు. అందరి ముందూ అడిగితే పరువు పోతుందని. ఇక్కడ అందరి ముందూ అడిగితేనే మర్యాద. మొదటి ప్రశ్నకి గంటసేపు వేళ్లు వణుకుతాయి. తరవాత ఏమీ ఉండదు.

ఇక ఆ తగ్గించిన స్టార్ గురించి.

జులిప్ కోడ్‌ని మన కంప్యూటర్‌లో నడపాలంటే డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ వేసుకోవాలి. విండోస్‌లో అయితే ముందు డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లైనక్స్ నడిపించేది), దాని మీద లైనక్స్, దానిలో కావాల్సినవన్నీ వేసిపెట్టే ప్రొవిజన్ స్క్రిప్ట్. ర్యామ్ రెండు జీబీ ఖాళీగా ఉండాలంటారు. వినడానికి చిన్న మాటే. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో విండోస్, క్రోమ్ తినగా మిగిలేది ఎంతో హాస్టల్ పిల్లల్ని అడగండి. దించుకోవాల్సిన ప్యాకేజీలు బోలెడు, హాస్టల్ వైఫై సంగతి తెలిసిందే. పలకరింపు ఎంత బాగున్నా, ఈ మెట్టు దగ్గర ఆగిపోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇది వాళ్ల తప్పని అనలేను. నిజమైన సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇంతే బరువుంటుంది.

వాళ్ల వాటా ఇది. చదవాల్సింది మరీ ఎక్కువ. డెవలపర్ డాక్యుమెంటేషన్ లక్షన్నర పదాలు దాటుతుంది. రాసిన తీరు చక్కగా ఉంది, కాదనను. కానీ తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకి ఆ గైడ్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికే ఒక మనిషి తోడు కావాలి. పైగా సీజన్‌లో కొత్తవాళ్లు తీర్థానికొచ్చినట్టు వస్తారు, వాళ్లకి సరిపడా ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’లు, అంటే కొత్తవాళ్లు చెయ్యగల చిన్న పనులు, ఎప్పుడూ ఉండవు. కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్‌లో ఇష్యూ కింద జులిప్‌బాట్ అనే ప్రోగ్రామ్‌కి క్లెయిమ్ అని రాస్తే ఆ పని మన పేరు మీదకి వస్తుంది. కొత్తవాళ్లు ఒకేసారి ఒక్కటే తీసుకోవాలనే హద్దు పెట్టారు. ఆ హద్దు లేకపోతే ఒకడే పది పట్టుకుని కూర్చునేవాడు. అయినా జనవరి తరవాత వెళ్లినవాళ్లకి ఖాళీ దొరకడం కష్టమే. అక్టోబరు, నవంబరుల్లో వెళ్లమని నేను చెబుతాను. ఎవరూ వినరు.

కోడ్ రివ్యూ గట్టిగా ఉంటుంది. ఒక్కో కమిట్‌లో (గిట్‌లో ఒక విడతగా దాచే మార్పు) ఒక్క మార్పే ఉండాలి, కమిట్ మెసేజ్ వాళ్ల పద్ధతిలోనే రాయాలి, తాజా కోడ్ కలుపుకునేటప్పుడు మెర్జ్ కాకుండా రీబేస్ చెయ్యాలి. రెండు లైన్ల మార్పు కూడా తిరిగి తిరిగి వస్తుంది. ఏఐతో రాయించిన కోడ్‌ని అర్థం చేసుకోకుండా పంపొద్దని, మీరు పంపిన ప్రతి మార్పునీ మీరే వివరించగలగాలని కూడా గైడ్‌లో ఉంది. దీనికి కొందరు పిల్లలు నొచ్చుకుంటారు. నేను మాత్రం ఇందుకు స్టార్ తగ్గించలేదు. నేను క్లాసుకి అరవై మంది రికార్డులు దిద్దే మనిషిని. నా స్టూడెంటు రాసిన రెండు లైన్లని అంత శ్రద్ధగా చదివేవాళ్లు ఈ ఊళ్లో ఎక్కడున్నారు?

ఈ గేటు లేని చోట ఏమవుతుందో కూడా చూశాం. ఎక్స్‌ప్రెస్ అని నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) బాగా వాడే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఉంది. 2024 మొదట్లో, ప్రాజెక్టు పరిచయం ఉండే దాని రీడ్‌మీ ఫైలులో తమ పేరు చేర్చమంటూ కొత్తవాళ్ల పుల్ రిక్వెస్టులు, అంటే మా మార్పు కలుపుకోండనే అర్జీలు, కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. మూలం ఒక యూట్యూబ్ పాఠం. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో చూపించడానికి ఉదాహరణగా ఆ ప్రాజెక్టునే వాడారు, చూసినవాళ్లంతా చూసింది చూసినట్టే చేశారు. పాపం పిల్లలు తమ దృష్టిలో చేసింది పరిచయమే. అది చదివి మూసెయ్యాల్సింది మాత్రం జీతం లేకుండా పనిచేసేవాళ్లు. అంతకు ముందు 2020లో, అక్టోబరులో పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకి టీషర్టులిచ్చిన హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలోనూ ఇదే గొడవ. టీషర్టు కోసం రీడ్‌మీలలో పనికిరాని మాటలు చేర్చి పంపారు. చివరికి, ఇష్టమున్న ప్రాజెక్టులు మాత్రమే అందులో చేరేలా ఆ అక్టోబరులోనే నిబంధన మార్చేశారు. పుల్ రిక్వెస్ట్ పంపడం ప్రాక్టీసు చెయ్యాలనుకుంటే ‘ఫస్ట్ కాంట్రిబ్యూషన్స్’ అని గిట్‌హబ్‌లో విడిగా ఒక రిపాజిటరీ ఉంది. పేర్లు చేర్చుకోవడానికే పెట్టారు దాన్ని. వెళ్లి ఎన్నిసార్లయినా చేర్చుకోండి, ఎవరూ విసుక్కోరు.

కోడ్ వైపు మొగ్గు లేనివాళ్లని నేను జులిప్‌కి పంపను. వర్డ్‌ప్రెస్ పాలీగ్లాట్స్ అని ఉంది, వెబ్‌సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌కి అనువాదకుల టీమ్. వర్డ్‌ప్రెస్‌డాట్‌ఆర్గ్ అకౌంట్ ఒకటి చేసుకుంటే బ్రౌజర్‌లోనే తెలుగు అనువాదాలు సూచించొచ్చు. ఇన్‌స్టాలేషన్ లేదు, ర్యామ్ గోల లేదు. మనం రాసింది వెయిటింగ్‌లో ఉంటుంది, ఆ భాష ఎడిటర్లు చూసి ఆమోదిస్తేనే వాడుకలోకి వస్తుంది. మన సూచన వెంటనే తెరమీద కనపడాలనుకునేవాళ్లకి విసుగు పుడుతుంది. వికీపీడియా నడిచే మీడియావికీ మాటల్ని తెలుగులోకి తేవాలనుకునేవాళ్లకి ట్రాన్స్‌లేట్‌వికీ ఉంది. అక్కడ పరిచయానికి బదులు ముందుగా కొన్ని నమూనా అనువాదాలు చేయిస్తారు, వాటిని చూసి అనుమతిస్తారు. చేతి పనితోనే పరిచయం. మా తెలుగు లెక్చరర్ గారికి ఆ పద్ధతి తెగ నచ్చింది, సెల్ఫ్ ఇంట్రడక్షన్ మొత్తానికే అక్కర్లేదుగా అన్నారు.

మళ్లీ జులిప్‌కే వస్తే, పైథాన్ గానీ జావాస్క్రిప్ట్ గానీ కాస్త చదివి, గిట్‌లో బ్రాంచ్ అంటే ఏంటో తెలిసి, తిట్టించుకోకపోయినా దిద్దించుకోవడానికి ఓపిక ఉన్నవాళ్లకి ఇది నేను చూసినంతలో మంచి చోటు. సర్టిఫికెట్ కోసం, రెజ్యూమేలో ఒక లైను కోసం అయితే దండగ, పది రోజుల్లో ఏదీ చేతికి రాదు.

వెళ్లేవాళ్లు ముందు లాగిన్ అవకుండా ‘న్యూ మెంబర్స్’లో పాతవి ఓ పాతిక చదవండి. తరవాత అకౌంట్ చేసుకుని కాసేపు వాడండి, అడ్డం తగిలినవన్నీ ఆ పూటే కాగితం మీద రాసిపెట్టుకోండి. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్ఎల్ 2 శనివారం రాత్రి మొదలుపెట్టండి, హాస్టల్‌లో అందరూ ఊళ్లకి పోయి వైఫై కాస్త ఊపిరి పీల్చుకునే వేళ అదే. అది పూర్తవకపోయినా పర్వాలేదు, పరిచయానికి దానితో పనిలేదు. కాగితం మీదున్నది ఇంగ్లీషులో నాలుగు లైన్లు చేసి, మీ పేరే టాపిక్‌గా పెట్టి పంపేయండి.